ఎలక్ట్రిక్ కారా, పెట్రోలు కారా: పుట్టుక నుంచి తుక్కు దాకా లెక్క

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ దగ్గర తొమ్మిదేళ్ల నాటి పెట్రోలు కారు ఉంది. లీటరుకు 14 కిలోమీటర్లు ఇస్తోంది. ఏడాదికి సుమారు 15 వేల కిలోమీటర్లు తిరుగుతుంది. మీరుండే చోట కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు నుంచే వస్తుంది. ఇలాంటి చోట ఎలక్ట్రిక్ కారు కొంటే పర్యావరణానికి నిజంగా మేలు జరుగుతుందా, లేక పొగ వీధిలోంచి విద్యుత్ కేంద్రపు చిమ్నీలోకి మారుతుందా అని అడిగారు. బ్యాటరీ తయారీలో జరిగే నష్టాన్ని కూడా కలిపితే పెట్రోలు కారే నయమని ఎవరో మీతో అన్నారని కూడా రాశారు.

ముందుగా సూటి సమాధానం. కారు జీవితకాలం మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటే, ప్రపంచంలో దాదాపు ప్రతిచోటా ఎలక్ట్రిక్ కారు వల్ల వాతావరణంలో చేరే గ్రీన్‌హౌస్ వాయువులు పెట్రోలు కారు వల్ల చేరే వాటికన్నా తక్కువ. ఎంత తక్కువ అన్నది మాత్రం చోటును బట్టి విపరీతంగా మారుతుంది. జలవిద్యుత్తు ఉన్నచోట తేడా చాలా పెద్దది. పూర్తిగా బొగ్గు మీద నడిచే గ్రిడ్‌లో (విద్యుత్ సరఫరా వ్యవస్థలో) ఆ తేడా దాదాపు కరిగిపోతుంది. తయారయ్యే నాటికి ఎలక్ట్రిక్ కారు ఎక్కువ కాలుష్యానికి కారణమైందన్న మాట నిజమే. అక్కడితో లెక్క ఆపేయడమే తప్పు.

వాహనాలు, వాటి ఇంధనాల జీవితచక్ర విశ్లేషణ నా వృత్తి. ముడిసరుకు తవ్వకం మొదలుకొని కారు తుక్కుగా మారేదాకా ప్రతి దశలో ఏం ఖర్చయింది, ఏం విడుదలైంది అని లెక్కగట్టే పని అది. ఈ విషయంలో జరిగే వాదనల్లో చాలా భాగం ఒక్కొక్కరు ఒక్కో దశను మాత్రమే పట్టుకోవడం వల్ల పుడతాయని నా అనుభవం. ఒకరు సైలెన్సర్ వైపే చూస్తారు, మరొకరు లిథియం గని వైపే చూస్తారు. అందుకే ఇక్కడ అంకెలను దాచకుండా పెడుతున్నాను. మీ పరిస్థితికి తగిన అంకెలు వేసుకుని మీరే సరిచూసుకోవచ్చు.

పెట్రోలుతో మొదలుపెడదాం, ఎందుకంటే అక్కడ వివాదానికి చోటు తక్కువ. లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. అందులో 640 గ్రాముల దాకా కార్బనే. అది మండేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. లీటరు ద్రవం నుంచి రెండు కిలోలకు పైగా వాయువు ఎలా వస్తుందని చాలామంది ఆశ్చర్యపోతారు. ఆ అదనపు బరువంతా గాలి నుంచి తీసుకున్న ఆక్సిజన్‌ది. ఎంత గొప్ప ఇంజన్ అయినా ఈ సంఖ్యను మార్చలేదు. తక్కువ లీటర్లతో ఎక్కువ దూరం వెళ్లగలదు, అంతే. దీనికి తోడు ముడిచమురును భూమిలోంచి తోడటం, బావుల దగ్గర వృథాగా మండించే వాయువు, ఓడల్లో రవాణా, రిఫైనరీలో శుద్ధి, బంకు దాకా చేరవేత ఉన్నాయి. వీటన్నింటినీ కలిపితే లీటరుకు మరో అర కిలో పైనే అవుతుంది. కాబట్టి నేను లీటరుకు 2.85 కిలోలని తీసుకుంటాను. లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చే కారుకు ఇది కిలోమీటరుకు సుమారు 200 గ్రాములు.

ఇక ఎలక్ట్రిక్ కారు. మధ్యస్థమైన కారు 100 కిలోమీటర్లకు 15 నుంచి 20 యూనిట్ల కరెంటు వాడుతుంది. నేను 17 యూనిట్లు తీసుకుంటున్నాను. ఇది కారు తెర మీద కనిపించే అంకె కాదని గమనించండి. చార్జింగ్‌లో పదో వంతు, ఒక్కోసారి అంతకన్నా కొంచెం ఎక్కువ, వేడిగా పోతుంది కనుక ప్లగ్గు దగ్గర కొలిచిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. ఇంత తక్కువ శక్తితో అంత దూరం ఎలా వెళ్తుందంటే, పెట్రోలులోని శక్తిలో నాలుగో వంతుకు అటూ ఇటూ మాత్రమే చక్రాలకు చేరుతుంది, మిగిలినది రేడియేటర్ నుంచి, సైలెన్సర్ నుంచి వేడిగా బయటికి పోతుంది. బ్యాటరీ నుంచి మోటారు మీదుగా చక్రాలకు చేరేది మాత్రం నాలుగింట మూడు వంతులకు పైనే. బ్రేకు వేసినప్పుడు కొంత శక్తి తిరిగి బ్యాటరీలోకి కూడా వస్తుంది.

ఆ 17 యూనిట్లు ఎక్కడి నుంచి వచ్చాయన్నదే అసలు విషయం. పూర్తిగా బొగ్గు కేంద్రాల నుంచి వస్తే, గని తవ్వకాన్నీ తీగల్లో నష్టాన్నీ కలుపుకొని యూనిట్‌కు సుమారు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ అనుకోవచ్చు. అప్పుడు కిలోమీటరుకు 170 గ్రాములు. ప్రపంచ సగటు గ్రిడ్ యూనిట్‌కు దాదాపు అర కిలో దగ్గర ఉంది, అంటే కిలోమీటరుకు 85 గ్రాములు. జలవిద్యుత్తు, అణు విద్యుత్తు, గాలి, సౌరశక్తి ప్రధానంగా ఉన్న గ్రిడ్‌లో యూనిట్‌కు 50 గ్రాములు లేదా అంతకన్నా తక్కువ, అంటే కిలోమీటరుకు 9 గ్రాములు కూడా దాటదు. ఒకే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఒకే రకం కారు జలవిద్యుత్తు మీద నడిచే నార్వేలో ఒకలా, బొగ్గు ఎక్కువగా వాడే పోలండ్‌లో మరోలా ఉండటానికి కారణం ఇదే.

ఇక మిగిలింది బ్యాటరీ తయారీ తెచ్చే అదనపు భారం. ఈ అంకె గురించి చాలా అపోహలున్నాయి. స్వీడన్‌కు చెందిన ఐవీఎల్ పర్యావరణ పరిశోధన సంస్థ 2017లో వేసిన అంచనా ప్రకారం బ్యాటరీలో నిల్వ చేయగల ఒక్కో యూనిట్ సామర్థ్యానికి 150 నుంచి 200 కిలోల కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది. పత్రికలు ఆ అంకెను విస్తృతంగా ప్రచురించాయి. ఫ్యాక్టరీలు పెద్దవై, కొలతలు మెరుగయ్యాక అదే సంస్థ 2019లో దాన్ని 61 నుంచి 106 కిలోలకు తగ్గించింది. ఆ సవరణకు మొదటి అంకెకు వచ్చినంత ప్రచారం రాలేదు. ఇప్పటికీ వాదనల్లో పాత అంకెనే చూస్తుంటాను. నేను 75 కిలోలు తీసుకుంటున్నాను. 60 యూనిట్ల బ్యాటరీకి అది 4.5 టన్నులు. కారు మిగతా శరీరం, ఇనుము, అల్యూమినియం, ప్లాస్టిక్, గాజు కలిపి సుమారు 7 టన్నులు. ఆ భాగం రెండు రకాల కార్లకూ ఇంచుమించు సమానమే.

కాబట్టి ఎలక్ట్రిక్ కారు రోడ్డెక్కే రోజుకే 4.5 టన్నుల కార్బన్ అప్పుతో ఉంటుంది. ఆ అప్పు ఎప్పుడు తీరుతుందన్నదే ప్రశ్న. శుభ్రమైన గ్రిడ్‌లో కిలోమీటరుకు 190 గ్రాములకు పైగా ఆదా అవుతుంది కనుక 24 వేల కిలోమీటర్లలోపే తీరిపోతుంది. ప్రపంచ సగటు గ్రిడ్‌లో 40 వేల కిలోమీటర్లలోపు తీరుతుంది. పూర్తి బొగ్గు గ్రిడ్‌లో కిలోమీటరుకు ఆదా 30 గ్రాములే కాబట్టి లక్షన్నర కిలోమీటర్లు పడుతుంది. కారు జీవితం 2 లక్షల కిలోమీటర్లనుకుంటే మొత్తం ఇలా తేలుతుంది: పెట్రోలు కారు 47 టన్నులు, సగటు గ్రిడ్‌లో ఎలక్ట్రిక్ కారు 28.5 టన్నులు, శుభ్రమైన గ్రిడ్‌లో 13 టన్నులు, పూర్తి బొగ్గు గ్రిడ్‌లో 45 టన్నులు పైచిలుకు. పోలికకు ఒక స్వతంత్ర అధ్యయనం చూడండి. శుద్ధ రవాణాపై పరిశోధనలు చేసే అంతర్జాతీయ సంస్థ ఐసీసీటీ 2021లో మధ్యస్థాయి కార్లను జీవితకాలమంతా పోల్చింది. పెట్రోలు కారుతో పోలిస్తే ఎలక్ట్రిక్ కారు ఉద్గారాలు ఐరోపాలో 66 నుంచి 69 శాతం, అమెరికాలో 60 నుంచి 68 శాతం, చైనాలో 37 నుంచి 45 శాతం, భారతదేశంలో 19 నుంచి 34 శాతం తక్కువని తేల్చింది. బొగ్గు వాటా పెరిగే కొద్దీ ప్రయోజనం ఎలా కుంచించుకుపోతుందో ఈ వరుసే చెబుతుంది. అయినా అది సున్నాకు దిగలేదు.

పై లెక్కలో నేను కావాలనే ఒక విషయం వదిలేశాను. కారు కొన్న రోజున గ్రిడ్ ఎలా ఉందో పదిహేనేళ్లూ అలాగే ఉంటుందని అనుకున్నాను. వాస్తవంలో అలా జరగదు. బ్రిటన్‌లో 2012లో కరెంటులో దాదాపు 40 శాతం బొగ్గు నుంచే వచ్చేది. 2024 సెప్టెంబర్ 30న అక్కడి చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం రాట్‌క్లిఫ్ ఆన్ సోర్ మూతపడింది. 2012లో అక్కడ కొన్న ఎలక్ట్రిక్ కారు, దానిలో ఒక్క స్క్రూ కూడా మార్చకుండానే, ఏటికేడు శుభ్రమవుతూ వచ్చింది. అదే ఏడు కొన్న పెట్రోలు కారు ఇప్పటికీ లీటరుకు అదే 2.3 కిలోలు వదులుతోంది. ఇంజన్ అరిగిన కొద్దీ లీటరుకు వచ్చే కిలోమీటర్లు తగ్గుతాయి కనుక, కిలోమీటరుకు వదిలేది పెరిగినా పెరిగి ఉంటుంది. ఈ రెండు వాహనాల మధ్య అసలైన తేడాగా నేను భావించేది ఇదే. పెట్రోలు కారు చేసే నష్టాన్ని రసాయన శాస్త్రం నిర్ణయిస్తుంది. ఎలక్ట్రిక్ కారు చేసే నష్టాన్ని మనుషుల నిర్ణయాలు నిర్ణయిస్తాయి: కరెంటు దేనితో తయారు చేయాలి, బ్యాటరీ ఎంత పెద్దదిగా, ఏ పదార్థంతో ఉండాలి, ఏ వేళ చార్జ్ చేయాలి అన్నవి. ఆ నిర్ణయాలను మార్చుకునే వీలుంది. కానీ అవి వాటంతట అవే మంచివైపు మారిపోవు.

చార్జ్ చేసే వేళ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సలహాలు ఇచ్చేవాళ్లు దీన్ని తరచుగా వదిలేస్తారు. గ్రిడ్ సగటు అంకె రోజంతా ఒకేలా ఉండదు. మధ్యాహ్నం సౌరవిద్యుత్తు పుష్కలంగా ఉన్నప్పుడు ఒక యూనిట్ వెనుక ఉన్న కాలుష్యం, సాయంత్రం అందరూ ఇళ్లకు చేరి దీపాలు, ఏసీలు వేసుకునే వేళ ఒక యూనిట్ వెనుక ఉన్న కాలుష్యం ఒకటి కావు. సూర్యుడు అస్తమించాక పెరిగే డిమాండ్‌ను చాలాచోట్ల బొగ్గు, గ్యాస్ కేంద్రాలే తీరుస్తాయి. సరుకు చేరవేసే ఒక సంస్థకు నేను సలహా ఇచ్చాను. వాళ్ల వ్యాన్లు సాయంత్రం డిపోకు చేరగానే అన్నీ ఒకేసారి ప్లగ్గుకు ఎక్కేవి. రెండు విడతల పని మధ్యలో, మధ్యాహ్నం, ఆ వ్యాన్లు ఖాళీగా నిలబడే సమయం ఉంది. చార్జింగ్‌లో ఎక్కువ భాగాన్ని ఆ వేళకు మార్చాం. వ్యాన్లు అవే, దూరమూ అదే. వాటి ఖాతాలో పడే ఉద్గారాలు మాత్రం చెప్పుకోదగినంత తగ్గాయి. అదనపు యంత్రాలేవీ కొనలేదు, పని వేళల పట్టిక ఒక్కటే మారింది.

ఇక వీధిలోని గాలి. ఇక్కడ ఎలక్ట్రిక్ కారుది స్పష్టమైన పైచేయి. నైట్రోజన్ ఆక్సైడ్లు, కార్బన్ మోనాక్సైడ్, బెంజీన్, సూక్ష్మ ధూళి కణాలు పెట్రోలు కారు నుంచి మనం పీల్చే ఎత్తులోనే, మనుషులు నడిచే చోటే వెలువడతాయి. బెంజీన్ క్యాన్సర్ కారకమని ధ్రువపడిన పదార్థం. బంకులో నింపేటప్పుడు వచ్చే ఆవిరిలో కూడా అది ఉంటుంది. ఈ వాయువులను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ బాగా వేడెక్కితేనే పనిచేస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్న మొదటి నిమిషాల్లో విషవాయువులు దాదాపు శుద్ధి కాకుండానే బయటికి వస్తాయి. అందువల్ల బజారుకు, బడికి చేసే రెండు మూడు కిలోమీటర్ల ప్రయాణాల్లో పెట్రోలు కారు చేసే హాని దూరానికి మించి ఉంటుంది. ఎలక్ట్రిక్ కారుకు ఈ సమస్య లేదు.

అయితే బొగ్గు కేంద్రం సంగతేమిటి? అక్కడ సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, పాదరసం, బూడిద వస్తాయి. ఎత్తైన చిమ్నీ వల్ల, ఊళ్లకు దూరంగా ఉండటం వల్ల అదే పరిమాణం పొగను తక్కువ మంది పీలుస్తారన్నది నిజం. కానీ ఆ తక్కువ మంది కూడా మనుషులే. కేంద్రం పక్కన, బూడిద చెరువుల పక్కన బతికేవాళ్ల గాలి, నీరు నగరవాసి శుభ్రమైన వీధి కోసం చెడిపోకూడదు. ఒకే చోట ఉన్న చిమ్నీకి శుద్ధి పరికరాలు బిగించి నిఘా పెట్టడం లక్షల సైలెన్సర్లను పరీక్షించడం కంటే సులభం. కానీ ఆ పరికరాలు బిగిస్తేనే, బిగించినవి నడిపిస్తేనే ఈ మాటకు విలువ ఉంటుంది.

టైర్ల విషయంలో ఎలక్ట్రిక్ కారుకు మినహాయింపు లేదు. బ్యాటరీ బరువు వల్ల అది సాధారణంగా అదే పరిమాణంలోని పెట్రోలు కారు కంటే ఎక్కువ బరువుంటుంది, టైర్లు కొంత ఎక్కువగా అరుగుతాయి. మోటారే వేగం తగ్గిస్తుంది కాబట్టి బ్రేకు ధూళి మాత్రం బాగా తగ్గుతుంది. టైరు ధూళి చిన్న విషయం కాదు. రబ్బరు పగలకుండా టైర్లలో 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అది గాలిలోని ఓజోన్‌తో కలిసి మరో పదార్థంగా మారి, వర్షపు నీటితో వాగుల్లోకి చేరుతుంది. అమెరికా వాయవ్య తీరంలో కోహో సాల్మన్ చేపలు వాన పడ్డాక పెద్ద సంఖ్యలో చనిపోవడానికి కారణం ఇదేనని 2020లో పరిశోధకులు బయటపెట్టారు. అది అన్ని రకాల కార్ల టైర్లలోనూ ఉంది. కారు ఎంత బరువైతే సమస్య అంత పెరుగుతుంది. అందుకే రెండున్నర టన్నుల ఎలక్ట్రిక్ ఎస్‌యూవీని పర్యావరణ హితమని ప్రచారం చేయడం నాకు బాధ కలిగిస్తుంది.

గనుల విషయానికి వస్తే, మీకు చెప్పిన వ్యక్తి ఆందోళనలో న్యాయం ఉంది. ప్రపంచ కోబాల్ట్‌లో సుమారు 70 శాతం కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం నుంచి వస్తోంది. అక్కడి చిన్న గనుల్లో పిల్లలు సహా మనుషులు ప్రాణాలకు తెగించి తవ్వడం నమోదైన సత్యం. చిలీలోని అటకామా ఎడారిలో లిథియం కోసం భూగర్భంలోని ఉప్పునీటిని తోడి ఎండబెడతారు. నీరే అరుదైన ఆ నేలపై దాని ప్రభావం గురించి స్థానికుల అభ్యంతరాలు తేలిగ్గా తీసుకోదగినవి కావు. ఇండోనేషియాలో నికెల్ శుద్ధి కోసం ప్రత్యేకంగా బొగ్గు విద్యుత్ కేంద్రాలే కట్టారు, అడవులు కొట్టేశారు. వీటిలో దేన్నీ తక్కువ చేసి చెప్పడం నాకిష్టం లేదు.

కానీ పోలిక పోలికలాగే ఉండాలి. 60 యూనిట్ల బ్యాటరీ బరువు దాదాపు 400 కిలోలు, అందులో లిథియం 6 నుంచి 8 కిలోలు. లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారు 2 లక్షల కిలోమీటర్లకు 14 వేల లీటర్లకు పైగా, అంటే 10 టన్నులకు మించి పెట్రోలు తాగుతుంది. దానిలో ఒక్క చుక్క కూడా తిరిగి రాదు. ఆ పది టన్నులకూ బావి ఉంది, పైప్‌లైను ఉంది, ఓడ ఉంది, రిఫైనరీ ఉంది. నైజీరియాలోని నైజర్ డెల్టాలో దశాబ్దాలుగా చమురుతో నల్లబారిన వాగులూ, 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో నెలల తరబడి సముద్రంలోకి పొంగిన చమురూ కూడా ఈ ఖాతాలోవే. పెట్రోలులోంచి సల్ఫర్ తీయడానికి రిఫైనరీల్లో వాడే ఉత్ప్రేరకంలో కోబాల్ట్ ఉంటుందని, క్యాటలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయని, వాటికీ గనులే మూలమని చాలామందికి తెలియదు.

ఇక్కడా నిర్ణయాలకు చోటుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీల్లో నికెల్ గానీ కోబాల్ట్ గానీ అసలు ఉండవు. 2023 నాటికి ప్రపంచంలో కార్లకు చేరుతున్న బ్యాటరీ సామర్థ్యంలో 40 శాతానికి పైగా ఈ రకానిదే. బరువుకు తగ్గ సామర్థ్యం కొంచెం తక్కువ, మన్నిక ఎక్కువ. రోజువారీ తిరుగుడుకు ఇది చాలు. దూర ప్రయాణాలే ప్రధానమైతే తప్ప, నేను సలహా ఇచ్చేవాళ్లందరికీ మొదట దీన్నే చూడమంటాను.

బ్యాటరీ పాడయ్యాక ఏమవుతుందన్నది మరో భయం. చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా లక్షా 60 వేల కిలోమీటర్ల దాకా 70 శాతం సామర్థ్యానికి హామీ ఇస్తున్నాయి. సాధారణంగా ఏటా రెండు శాతం చొప్పున తగ్గుదల కనిపిస్తోంది కనుక చాలా బ్యాటరీలు కారు కన్నా ఎక్కువ కాలమే పనికొస్తాయి. కారుకు చాలని బ్యాటరీ ఒకచోట కదలకుండా ఉండి సౌరవిద్యుత్తును నిల్వ చేయడానికి సరిపోతుంది. చివరికి రీసైక్లింగ్‌లో నికెల్, కోబాల్ట్ 95 శాతం దాకా తిరిగి రాబట్టే పద్ధతులు పారిశ్రామిక స్థాయిలో ఉన్నాయి. లిథియం విషయంలో పరిస్థితి ఇంకా వెనకబడి ఉంది. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన బ్యాటరీ చట్టం ప్రకారం పాత బ్యాటరీల లిథియంలో 2027 చివరికి 50 శాతం, 2031 చివరికి 80 శాతం తిరిగి రాబట్టాలి. ఇలాంటి చట్టం లేనిచోట పాత బ్యాటరీ ఏ రక్షణా లేని తుక్కు దుకాణానికి చేరే ప్రమాదం ఉంది. ఈ విషయంలో ప్రజలు ప్రభుత్వాలను గట్టిగా అడగాలి.

పెట్రోలు ఇంజన్‌తో పాటు బ్యాటరీ, మోటారు కూడా ఉండే హైబ్రిడ్ల గురించి మీరు అడగలేదు గానీ, మీలాంటి బొగ్గు గ్రిడ్ ఉన్నవాళ్లకు చెప్పకుండా వదిలేయడం సరికాదు. ప్లగ్గు అవసరం లేని మంచి హైబ్రిడ్ లీటరుకు 22 కిలోమీటర్లు ఇస్తే కిలోమీటరుకు 130 గ్రాములు. పూర్తి బొగ్గు గ్రిడ్‌లో నడిచే ఎలక్ట్రిక్ కారు 170 గ్రాముల కన్నా అది మెరుగు. ఎలక్ట్రిక్ అన్న పేరు ఉన్నంత మాత్రాన అది ప్రతిచోటా గెలవదు. ప్లగ్గుతో చార్జ్ చేసే హైబ్రిడ్‌ల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఐరోపా కమిషన్ 2024లో ప్రకటించిన వాస్తవ వినియోగ సమాచారం ప్రకారం వాటి అసలు ఉద్గారాలు ప్రయోగశాల అంకెలకు దాదాపు మూడున్నర రెట్లు ఉన్నాయి. కారణం తేలికగా అర్థమవుతుంది: ప్రయోగశాల లెక్కల్లో అనుకున్నంత తరచుగా వాటిని చాలామంది చార్జ్ చేయడం లేదు.

ఇప్పుడు మీ లెక్క. బొగ్గు ఎక్కువగా ఉన్న మీ గ్రిడ్‌కు ప్లగ్గు దగ్గర యూనిట్‌కు 700 గ్రాములు వేసుకుందాం. ఎలక్ట్రిక్ కారుకు కిలోమీటరుకు 119 గ్రాములు, మీ పెట్రోలు కారుకు 200 పైన. ఏడాదికి 15 వేల కిలోమీటర్లకు ఆదా సుమారు 1.2 టన్నులు. మీరు ఎలాగూ కొత్త కారు కొనబోతుంటే, 4.5 టన్నుల అదనపు అప్పు నాలుగేళ్లలోపు తీరుతుంది, ఆ తర్వాతంతా లాభమే. కొత్త పెట్రోలు కారు కొనడానికి పర్యావరణ పరంగా నాకు ఏ కారణమూ కనిపించడం లేదు. బాగున్న కారును తుక్కు చేసి మరీ మార్చాలనుకుంటే కథ వేరు. అప్పుడు కొత్త కారు తయారీ మొత్తం, అంటే పదకొండున్నర టన్నులు, మీ ఖాతాలో పడతాయి. అది తీరడానికి తొమ్మిదేళ్లకు పైగా పడుతుంది. పాత కారును అమ్మితే దాన్ని మరొకరు నడుపుతారు. వాళ్లు అంతకన్నా పాత, పొగ చిమ్మే బండిని వదిలేసి దీన్ని తీసుకుంటే కొంత మేలు. అప్పటిదాకా బస్సులో వెళ్లేవాళ్లు దీన్ని కొంటే నష్టం.

బ్యాటరీ పరిమాణం ఈ లెక్కను ఎంత మారుస్తుందో కూడా చూడండి. 40 యూనిట్ల బ్యాటరీతో, 100 కిలోమీటర్లకు 14 యూనిట్లు మాత్రమే వాడే చిన్న కారు తీసుకుంటే అదనపు అప్పు 3 టన్నులే. మీ 700 గ్రాముల గ్రిడ్‌లో కూడా కిలోమీటరుకు 98 గ్రాములే. అప్పు రెండేళ్లలోపు తీరుతుంది. పైన చెప్పిన మంచి హైబ్రిడ్‌తో పోల్చినా లక్ష కిలోమీటర్లలోపే ఇది ముందుకు వెళ్తుంది. అదే 100 యూనిట్ల బ్యాటరీ ఉన్న భారీ కారు అయితే తయారీ అప్పే 7.5 టన్నులు, వాడే కరెంటూ ఎక్కువ. నా దగ్గరికి వచ్చే వాళ్లలో చాలామంది ఏడాదికి ఒకటి రెండు సార్లు చేసే దూర ప్రయాణాన్ని దృష్టిలో పెట్టుకుని బ్యాటరీని ఎంచుకుంటారు. మిగిలిన రోజులన్నీ ఆ బరువును ఊరికే మోస్తూ తిరుగుతారు. ఆ ఒకటి రెండు ప్రయాణాలకు రైలునో, దారిలో చార్జింగ్‌నో చూసుకొమ్మని నేను గట్టిగా చెబుతాను.

రోజంతా తిరిగే టాక్సీ నడిపేవారైతే, గ్రిడ్ పూర్తిగా బొగ్గు మీద నడిస్తే తప్ప, దాదాపు ఆలోచించకుండా ఎలక్ట్రిక్ తీసుకొమ్మంటాను, ఎందుకంటే ఎక్కువ కిలోమీటర్లే అప్పును త్వరగా తీరుస్తాయి. వారానికి ఒకసారి కారు తీసే వయసు పైబడిన దంపతులు ఇదే సలహా కోసం వచ్చినప్పుడు, ఉన్న కారునే వాడుకొమ్మన్నాను. మీరు ఈ రెండింటి మధ్య ఉన్నారు.

మీ కారు ఇంజన్ బాగుంటే మరో రెండు మూడేళ్లు ఉంచండి. మార్చాల్సిన సమయం వచ్చినప్పుడు ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉన్న చిన్న ఎలక్ట్రిక్ కారు చూడండి. కొత్తదే కావాలని లేదు, బ్యాటరీ ఆరోగ్య నివేదికతో వచ్చే వాడిన కారు అయితే తయారీ అప్పులో కొంత మొదటి యజమాని కాలంలోనే తీరిపోయి ఉంటుంది. పగటిపూట పనిచేసే చోట ప్లగ్గు దొరుకుతుందేమో ఇప్పుడే కనుక్కోండి. ఈలోగా పాత కారు టైర్లలో గాలి సరిగా ఉంచండి. ఇంజన్ చల్లగా ఉండగా చేసే చిన్న ప్రయాణాలను నడకకో సైకిలుకో మార్చండి, మీ కారు దాదాపు శుద్ధి కాని పొగను మీ వీధిలో పిల్లలు పీల్చే చోట వదిలేది అప్పుడే.